మైకక్క మొదటి పేజీ

మా అత్త బస్టాండులో మైకు దగ్గర కూర్చుంటుంది. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఆలస్యమో, ఎవరి సంచీ దొరికిందో, ఎవరి పిల్ల తప్పిపోయిందో చెప్పడం ఆమె పని. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప అక్కడ ఎవరికీ గుర్తులేదు. డ్రైవర్లకీ, ఊడ్చేవాళ్ళకీ, చివరికి కంట్రోలరుకి కూడా ఆమె మైకక్కే. మా నాన్నకి అక్క కాబట్టి నాకు మేనత్త. అదే బస్టాండు పార్సిల్ ఆఫీసులో మూటలు ఎక్కించి దించే పని నాది. ఆ పని ఆమె చెప్పి పెట్టించిందే. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తదు. మామయ్య వారానికోసారి ఎత్తుతాడు.

మైకు గది మెట్ల కింద ఉంటుంది. పైకప్పు ఏటవాలుగా దిగివస్తుంది కాబట్టి పొడుగువాళ్ళు తల వంచుకునే లోపలికి రావాలి. ముందు అద్దం, అద్దం అవతల ప్లాట్‌ఫారాలు. బల్ల మీద మైకు, దాని మీద దుమ్ము పడకుండా అత్త కుట్టిన గుడ్డ టోపీ. మైకు నొక్కేముందు ఫ్యాను ఆపాలి, లేకపోతే దాని గరగర బస్టాండంతా వినిపిస్తుంది. ఎండాకాలంలో బస్సులు వరసగా వచ్చే వేళ ఫ్యాను వేసే సందే దొరకదు. అత్త చెమటలు కక్కుతూనే, మంచులో కూర్చున్నదానిలా చల్లని గొంతుతో మాట్లాడుతుంది.

గోడవారన ఒక బెంచీ ఉంది. తప్పిపోయిన పిల్లల్ని తెచ్చి దాని మీద కూర్చోబెడతారు. అమ్మానాన్నలు వెతుక్కుంటూ వచ్చేదాకా వాళ్ళ ఏడుపు ఆపడం కూడా అత్త పనే, ఎవరూ చెప్పకపోయినా. ఏడుపు మైకులో పడితే కంట్రోలరు కసురుకుంటాడు. అందుకని ఆమె కథ చెప్పడం మొదలుపెట్టింది. ఒక పిల్ల బస్సు దిగుతుంది, తమ్ముడు బస్సులోనే నిద్రపోతూ ఉండిపోతాడు, బస్సు వెళ్ళిపోతుంది. ఆ పిల్ల వాడిని వెతుక్కుంటూ ఒక బస్సు తర్వాత ఒక బస్సు ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి చెప్పగా చెప్పగా ఆ కథ పెరిగి పెద్దదైంది. బెంచీ మీద ఎవరి అమ్మ ఆలస్యంగా వస్తే వాళ్ళకి ఎక్కువ కథ దక్కేది. ఒక పిల్ల తండ్రి సాయంత్రం దాకా రాకపోవడంతో నదిలో పడవ మీద జరిగే అధ్యాయం మొత్తం పుట్టింది.

దాన్ని ఆమె నవలగా రాసింది. పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థకి పంపింది. రెండు నెలలకి అక్కడి ఎడిటరమ్మ ఫోన్ చేసింది. కథ బాగుంది, కానీ మొదలు నిలవలేదు, ఏడో పేజీ దాకా మాకు కథే దొరకలేదు అంది. మొదటి అధ్యాయం తిరగరాసి నెలాఖరులోగా పంపితే అప్పుడు వేస్తామో లేదో తేల్చి చెప్తాం, మళ్ళీ మళ్ళీ చూడడం మాత్రం కుదరదు అంది.

అత్త ఆ కాగితాలు పట్టుకుని పార్సిల్ ఆఫీసుకి వచ్చింది.

"ఒరేయ్ అల్లుడూ, నువ్వు చదివినన్ని పుస్తకాలు మన ఇంటావంటా ఎవరూ చదవలేదు. ఇది చూసి ఏం చెయ్యాలో చెప్పు."

"నువ్వు నొచ్చుకుంటావు."

"నొచ్చుకోను. చెప్పు."

"అందరూ అలాగే అంటారు."

"ఎంతమంది రాసినవి చదివి చెప్పావేంటి నువ్వు?"

నిజానికి ఎవరివీ చదివి చెప్పలేదు. ఎవరూ అడగలేదు. నేను చదివినవన్నీ తూకానికి అమ్మిన పుస్తకాలు. మూటల్లో వచ్చేవి, తాడు తెగినప్పుడు బయటపడేవి. పదో తరగతి తర్వాత బడి మొహం చూడలేదు. పుస్తకాల సభ జరుగుతోందని విని ఒకసారి వెళ్ళాను. నా చొక్కా చూసి, కుర్చీలు సర్దడానికి వచ్చాననుకుని ఒకాయన కుర్చీలు చూపించాడు. సర్దాను. ఆ తర్వాత నిలబడి వింటే, ఆయన మాట్లాడింది తను చదవని పుస్తకం గురించి అని అర్థమైంది. నేను రాసి పంపిన కథలకి ఇంతవరకు ఎవరూ అందింది అని కూడా చెప్పలేదు. అత్తకి మాత్రం ఫోనే చేశారు.

అత్త వెంటనే వెళ్ళిపోలేదు. తూకపు బల్ల మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"నా గొంతు విన్నవాళ్ళంతా సంచీ సర్దుకుని లేచి వెళ్ళిపోయేవాళ్ళేరా. నేను మాట్లాడితే మనుషులు లేస్తారు. ఒక్కసారైనా నా మాటకి ఎవరైనా కూర్చోవాలని ఉంది. జాగ్రత్తగా చూడు."

మధ్యాహ్నం మూటల మీద కూర్చుని చదివాను. మొదటి పేజీలో తెల్లవారింది. రెండో పేజీలో బస్టాండు ఎంత పెద్దదో ఉంది. తర్వాత ప్రయాణాల వల్ల కలిగే లాభాలు, పెద్దల మాట వినే పిల్లల గుణాలు, ఆ పిల్ల జడ, ఆ పిల్ల గౌను, ఆ పిల్లకి వచ్చిన మార్కులు. ఏడో పేజీలో బస్సు కదిలింది, తమ్ముడు దిగలేదు. అక్కడి నుంచి మూట దించమని పిలిచినా నేను లేవలేదు.

మైకు గదికి వెళ్ళాను. అత్త రేవుకు వెళ్ళే బస్సు ఆలస్యమని చెప్పి, మైకు ఆపి, ఫ్యాను వేసింది.

"చదివావా?"

"చదివాను."

"మొదటి నుంచి చెప్పు."

"మొదటి నుంచి చెప్పడానికి మొదట ఏమీ లేదత్తా."

"లేదని నాకు తెలుసు. కావాలనే పెట్టలేదు."

ఆ జవాబు నేను ఊహించలేదు.

"ఇప్పుడు నేను మైకులో ఏం చెప్పాను?" అని అడిగింది.

"రేవు బస్సు ఆలస్యమన్నావు."

"దానికి ముందు?"

"ఏదో అన్నావు."

"చూశావా. ప్రయాణికులకు మనవి, దయచేసి వినండి, అన్నాను. రోజూ వందసార్లు అంటాను. ఎవరూ వినరు, నువ్వూ వినలేదు. అవి వినడానికి పెట్టిన మాటలు కావు, తల తిప్పడానికి పెట్టినవి. జనం తల తిప్పాక అసలు మాట చెప్పాలి. ముందే చెప్పావంటే అది గాలికి పోతుంది. కొత్తగా చేరినప్పుడు, నాకు ముందు ఈ మైకు దగ్గరున్న పెద్దామె నాకు నేర్పిన మొదటి పని ఇదే. పుస్తకానికైనా అంతే కదా? మొదటి పేజీలు ఎవడు మనసుపెట్టి చదువుతాడు? అందుకని ముఖ్యమైనదేదీ అక్కడ పెట్టకుండా జాగ్రత్తపడ్డాను."

చాలా పుస్తకాల్లో మొదటి పేజీలు బాగాలేకపోవడం చూశాను. ఇంత శ్రద్ధగా, ఒక పద్ధతి ప్రకారం బాగాలేకుండా చేసినవాళ్ళని మాత్రం చూడలేదు.

"అత్తా, బస్టాండులో జనం నీకోసం రాలేదు. వాళ్ళ గొడవల్లో వాళ్ళుంటారు, నువ్వు పిలవాలి. పుస్తకం తెరిచినవాడు అప్పటికే తల తిప్పేశాడు. చెవి ఇచ్చి కూర్చున్నవాడికి ఇంకా వినండి వినండి అంటే లేచిపోతాడు. పిల్లలైతే మరీ. పెద్దవాళ్ళు డబ్బు పెట్టి కొన్నందుకైనా పది పేజీలు ఓర్చుకుంటారు."

"అయితే?"

"ఏడు పేజీలూ తీసెయ్. బస్సు కదిలింది, కిటికీలో తమ్ముడి తల కనిపించింది, వాడు నిద్రపోతున్నాడు. అక్కడ మొదలుపెట్టు."

"ముఖాన నీళ్ళు కొట్టినట్టు?"

"కొట్టినట్టే."

అత్త బెంచీ వైపు చూసింది. "నేను కథ చెప్పేది అక్కడ కూర్చుని ఏడ్చేవాళ్ళకిరా. వాళ్ళకి మొదటి మాటే ఇది చెప్తే ఊరుకుంటారా?"

"పుస్తకం కొనేవాళ్ళు తప్పిపోయినవాళ్ళు కాదు. ఇంట్లో, మంచం మీద, కాళ్ళు ఊపుకుంటూ చదువుతారు."

"ఏమోరా. ఇంట్లో ఉన్నవాళ్ళు తప్పిపోలేదని నువ్వెలా చెప్తావు?" అంది. కంట్రోలరు అద్దం మీద కొట్టాడు. అత్త ఫ్యాను ఆపి మైకు నొక్కింది.

ఆ వారమంతా పని అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. మామయ్య కండక్టరుగా చేసి, మోకాళ్ళు పట్టేసి ఇంట్లో ఉంటున్నాడు. ఇరుగుపొరుగు బట్టలు కూడా తెచ్చుకుని ఇస్త్రీ చేస్తాడు. ముందుగదిలో ఆయన ఇస్త్రీ బల్ల, దాని పక్కనే అత్త రాసుకునే బల్ల. అత్త నోటితో చెప్పుకోకుండా ఒక్క ముక్క రాయలేదు. ఒక వాక్యం బయటికి అని, రాసి, మళ్ళీ చదివి వినిపిస్తుంది. నేను వద్దంటాను. ఆమె కొట్టేస్తుంది.

"పండితుడుగారు అన్నీ కోయిస్తున్నారు. చివరికి ఏమైనా మిగులుతుందా, పేరొక్కటే అచ్చేస్తారా?" అన్నాడు మామయ్య చొక్కా చేయి సాగదీస్తూ.

"పేరు కూడా పెద్దదే మామయ్యా."

"పొద్దున్నే నన్ను లేపేటప్పుడు కూడా మీ అత్త ముందు మనవి చేసుకుంటుంది. ఏమండీ, వింటున్నారా, మిమ్మల్నే, అని. నేను మూడో దానికి కళ్ళు తెరుస్తాను. ఆవిడ పద్ధతి ఆవిడది. దాన్నెందుకు చెడగొడతావు?"

"మీరు ఊరుకోండి. వాడు చెప్పేదాంట్లో సగం నిజం ఉంది," అంది అత్త.

మిగిలిన సగం ఏమిటో చెప్పలేదు.

వారాంతానికి కొత్త మొదలు తయారైంది. ఒక పేజీ. బస్సు కదలడం, కిటికీలో తల, ఆ పిల్ల చేతిలో సంచీ, చంకలో గొడుగు, వెనక పరుగెత్తడం. నాకు నచ్చింది. అత్తకి నచ్చలేదు, అలాగని తప్పేమిటో ఆమెకీ తెలియలేదు. "ఏదో దాస్తున్నట్టుంది," అంటుంది. "నువ్వు అలవాటుపడలేదు, అంతే," అంటాను నేను. నెలాఖరు దగ్గరపడింది.

పేరు లేని పార్సిల్ ఒకటి వస్తే మైకులో చెప్పించడానికి వెళ్ళాను. బెంచీ మీద ఎనిమిదేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చేతులు కట్టుకుని, పెదవి బిగించి, ఎదురుగా ఉన్న గోడని తిడుతున్నట్టు చూస్తోంది. వాళ్ళ నాన్న పేరు అత్త అప్పటికే రెండుసార్లు మైకులో చెప్పిందట.

"నీళ్ళు తాగుతావా తల్లీ?"

"వద్దు."

"కథ చెప్పనా?"

"మీ ఇష్టం."

అత్త నా వైపు చూసి, సంచీలోంచి ఆ పేజీ తీసి చదివింది. మైకులో మాట్లాడే గొంతు కాదు, బెంచీ దగ్గర మాట్లాడే గొంతు. పిల్ల గోడ మీద నుంచి చూపు తిప్పకుండా విన్నది. అత్త చదవడం ఆపింది.

"వాళ్ళక్క తమ్ముడి పక్కనే కూర్చుందా?" అని అడిగింది పిల్ల.

"ఆఁ, పక్కనే."

"మరి లేపలేదేం?"

"మర్చిపోయింది పాపం. తొందరలో."

"సంచీ మర్చిపోలేదు కదా."

"సంచీ..."

"గొడుగు కూడా తీసుకుంది. మీరే చదివారు. పక్కనున్నవాడిని ఎలా మర్చిపోతుంది? అబద్ధం." పిల్ల మొదటిసారి అత్త మొహంలోకి చూసింది. "కావాలనే లేపలేదు. నేనైనా అంతే."

అంతలో తలుపు దగ్గర ఒక మనిషి తల వంచడం మర్చిపోయి పైకప్పుకి కొట్టుకున్నాడు. ఆ పిల్ల తండ్రి. భుజం మీద రెండేళ్ళ పిల్లాడు, నోట్లో వేలు పెట్టుకుని.

"ఎక్కడికి పోయావే నువ్వు?" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

"నేనెక్కడికీ పోలేదు. వీడు ఏడ్చాడని మీరే వీణ్ణి తీసుకుని పోయారు." బెంచీ దిగి, తండ్రి చెయ్యి పట్టుకోకుండా ముందు నడిచింది. కథలో తర్వాత ఏమైందని కూడా అడగలేదు.

అత్త ఆ పేజీని బల్ల మీద పెట్టింది. నా పార్సిల్ సంగతి మైకులో చెప్పింది. ఆ తర్వాత ఫ్యాను వేసి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ పిల్ల చెప్పింది నిజమేరా."

"ఏది?"

"ఇక్కడ కూర్చునే ప్రతి పిల్లా నన్నొకటే అడుగుతుంది. అమ్మ నన్ను వదిలేసి పోయిందా అని. లేదమ్మా, మర్చిపోయింది, ఎవరూ కావాలని వదలరు అని చెప్పి చెప్పి, కథలో అక్క నోట్లో కూడా అదే పెట్టేశాను. ఆ ఏడు పేజీలూ దాన్ని కప్పడానికే రాశానేమో. నువ్వేమో కప్పు తీసేయమన్నావు కానీ, లోపల ఏముందో నువ్వూ చూడలేదు."

అవును, నేను చూడలేదు. వాక్యాలు చూశాను.

ఆ సాయంత్రం మామయ్య ఒక్క చొక్కా ఇస్త్రీ చేసేలోపు అత్త మొదలు రాసేసింది. చదివి వినిపించింది.

"బస్సు ఆగగానే అక్క సంచీ తీసుకుంది. గొడుగు తీసుకుంది. తమ్ముడి వైపు చూసింది. వాడు నిద్రపోతున్నాడు. అక్క వాడిని లేపలేదు."

మామయ్య చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగింది. "అమ్మ దీని దుంపతెగ," అన్నాడు. ఆ పిల్లనో, అత్తనో తెలియలేదు.

బాగుందని నాకూ తెలుసు. అందుకే భయమేసింది. "అత్తా, వాళ్ళు వేయరు. పిల్లల పుస్తకాల్లో పిల్లలందరూ బుద్ధిమంతులై ఉండాలి. చెడ్డపనులు చేయడానికి నక్కలున్నాయి. ఇది తిరిగి వచ్చేస్తుంది."

"రానీ."

"రానీ అంటే, మళ్ళీ చూడరట కదా?"

"రాకుండా ఉండడం కోసం అబద్ధం రాయమంటావా? మొదటి పేజీలో ఏమీ లేదని నన్ను దులిపింది నువ్వే. ఇప్పుడు ఉంది కదా, ఇంకేంటి నీ బాధ?"

మర్నాడే పంపింది.

ఎడిటరమ్మ ఫోన్ వచ్చినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. టీ గ్లాసులు తిరిగివ్వడానికి ఇద్దరివీ కలిపి పట్టుకుని లేచాను, మళ్ళీ కూర్చున్నాను. అవతలి మాట నాకు సగం సగం వినిపిస్తోంది. మొదలు చాలా బాగుందట. అందరూ చదివారట. ఒక్కటే ఇబ్బందట. బడులవాళ్ళు కొనాలి, తల్లిదండ్రులు కొనాలి, మొదటి పేజీలోనే అక్క అలా చేస్తే ఎలా? "లేపలేదు" అన్నచోట "లేపడం మర్చిపోయింది" అని పెడితే ఇవాళే ఖాయం చేసేస్తారట.

"ఒక్క నిమిషం ఆగమ్మా, బస్సుంది," అంది అత్త. ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఫ్యాను ఆపి, రేవు బస్సు వచ్చిందని చెప్పింది. గొంతులో తేడా లేదు. ఎడమ చేత్తో మాత్రం మైకు గుడ్డ టోపీని నలిపేస్తోంది. నేను ఒప్పుకోమని తల ఊపాను. ఒక్క మాటే అని వేలు చూపించాను. ఆమె నన్ను చూడకుండా ఫోను చెవికి పెట్టుకుంది.

"అమ్మా, మర్చిపోయిందని నేను చాలా ఏళ్ళు చెప్పాను. ఆ మాట చెప్పినన్నాళ్ళూ కథ మొదలవలేదు. మొదలు లేదని మీరే అన్నారు కదా. మర్చిపోయిన పిల్లయితే కండక్టరుకి చెప్పి ఊరుకుంటుంది. అన్ని బస్సులు ఎక్కి తిరగదు. తను చేసిన పని కాబట్టే తిరుగుతోంది. మీరు మారుస్తానంటే వద్దమ్మా. తిరిగి పంపించేయండి."

 పైవాళ్ళతో మాట్లాడి చెప్తాను అంది ఎడిటరమ్మ. అత్త ఫోను పెట్టేసింది.

"ఒక్క మాట కోసం..." అన్నాను.

"నువ్వు కోయమన్నవి ఏడు పేజీలు. ఇచ్చాను. ఈ ఒక్క మాట నాది."

"వాళ్ళు మళ్ళీ ఫోన్ చేయరత్తా. నాకు తెలుసు వాళ్ళ సంగతి."

"నీకు చేయలేదని నాకూ చేయరనేంటి?" అంది. అనేశాక నాలుక కరుచుకుంది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. నేను గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాను. నాలుగు రోజులు ఆ గది వైపు పోలేదు. మైకులో మాత్రం వింటూనే ఉన్నాను. ఆ నాలుగు రోజుల్లో ఒకసారి ఆమె ఒక బస్సుకి బదులు ఇంకో బస్సు పేరు చెప్పి, వెంటనే దిద్దుకుంది. అలా తడబడడం నేనెప్పుడూ వినలేదు.

ఐదో రోజు సాయంత్రం మామయ్య రమ్మన్నాడని వెళ్ళాను. నిజానికి రమ్మన్నది అత్తే, కొత్తగా ఇస్త్రీకి వచ్చిన దుప్పట్లు మడతపెట్టడానికి సాయం కావాలన్నది సాకు. నేను, అత్త ఒక దుప్పటి చెరో చివర పట్టుకుని నిలబడ్డాం. ఆమె దగ్గరికి వచ్చి, మడత నా చేతిలో పెడుతూ చెప్పింది.

"సరేనన్నార్రా."

"ఎవరు, నువ్వా వాళ్ళా?" అన్నాడు మామయ్య.

"వాళ్ళే. ఉన్నది ఉన్నట్టే వేస్తారట."

నా జోస్యం తప్పింది. సంతోషం వెంటనే కలిగిందని చెప్పను. దుప్పటి మడత సరిచేయడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు పట్టింది. ఆ తర్వాత కలిగింది.

"అయితే రెండో అధ్యాయం మార్చమన్నారు," అంది అత్త బల్ల దగ్గరికి వెళ్తూ. "అక్కడ వచ్చే కండక్టరు మరీ మంచివాడుగా ఉన్నాడట. నమ్మేట్టు లేడట."

మామయ్య ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. "నమ్మేట్టు లేడా? ఎవర్ని చూసి రాశావే నువ్వు?"

"మిమ్మల్ని చూసి కాదులెండి."

"మరి ఎవర్ని చూసి?"

అత్త కాగితాలు వెతుక్కుంటోంది. "అల్లుడూ, నువ్విటు కూర్చో. ఆయన్ని కాస్త తగ్గించాలి," అంది.